కాసులమ్మగారి శాఖా గ్రంథాలయం

మా కొత్తమెరక హైస్కూల్లో నేను డ్రిల్లు మాస్టారిని. డ్రిల్లు మాస్టారంటే పిల్లల చేత ఆటలాడించే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఏ సబ్జెక్టుకూ చెందని పని ఏదొచ్చినా అది డ్రిల్లు మాస్టారిదే. మధ్యాహ్న భోజనం గుడ్లు దింపించుకోవడం, జెండా కర్రకు రంగు వేయించడం, వచ్చిన అధికారికి కొబ్బరి బోండాం కొట్టించడం, వెళ్లే అధికారికి కారు తలుపు తీయడం. అందువల్ల మా బడి లైబ్రరీకి పట్టిన వైభవానికి మొదటినుంచి చివరిదాకా నేనే సాక్షిని.

అంతకుముందు ఆ లైబ్రరీ వైభవం లేకుండానే నడిచేది. సోషల్ చెప్పే హైమవతిగారు దాన్ని చూసుకునేవారు. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక తలుపు తీసి కూర్చునేవారు. ఎవరికి ఏ పుస్తకం కావాలంటే అది ఇచ్చేవారు. షరతు ఒక్కటే. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు అందులో తమకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. నచ్చింది చెప్పమంటే పిల్లలు అబద్ధమాడతారు, నచ్చనిది చెప్పాలంటే చదివి తీరాలి అని ఆవిడ సిద్ధాంతం. పుస్తకాలు చేపల పులుసు వాసనతోనో, ఎవరో చంటిపిల్లాడు కొరికిన అంచులతోనో తిరిగొచ్చేవి. కొన్ని వచ్చేవి కావు. వాటి గురించి ఆవిడ పెద్దగా బెంగపడేవారు కాదు. "ఎవరో ఒకరు ఇంకా చదువుతున్నారన్నమాట" అనేవారు.

దసరా సెలవులయ్యాక ఒక సోమవారంనాడు జిల్లా డిజిటల్ గ్రంథాలయ సమన్వయాధికారి ఆనందమోహనరావుగారు మా బడికి దయచేశారు. బోండాం తాగారు. తర్వాత మమ్మల్నందరినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టి ప్రసంగించారు.

"నేటినుండి మీ గ్రంథాలయము సాఫ్ట్‌వేర్ ద్వారా నిర్వహింపబడును. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అనగా దీని మూలము బహిరంగము. ప్రపంచములో ఎవరైనను దీనిని ఉచితముగా వాడుకొనవచ్చును, లోపల ఏమున్నదో చూడవచ్చును, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. ఇంతటి స్వేచ్ఛ ఉన్నందున, దీనిని ఎవరూ ముట్టుకొనరాదు."

మేమందరం చప్పట్లు కొట్టాం. ఆయన ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టడం మాకు అలవాటు.

హైమవతిగారు మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌ని నిజంగానే ఇష్టపడ్డారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్లు, ఎవరో పిల్లలు చదువుకుంటారని కూర్చుని దీన్ని తయారుచేసి ఊరికే ఇచ్చేశారంటే ఆవిడకు ముచ్చటేసింది. కార్తీకమాసమంతా ఒక్కో పుస్తకం తుడిచి, పేరూ వివరాలూ ఎక్కించి, వెనకట్ట మీద బార్‌కోడ్ గీతల చీటీ అంటించారు. నెమళ్ల గురించి పుస్తకాలెన్నున్నాయంటే ఇట్టే చెప్పేది ఆ కంప్యూటరు. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో చూపించేది. "మంచి సరుకండీ మాస్టారూ, మనుషులు చేసినట్టుంది" అన్నారావిడ నాతో.

సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదు. లోపమల్లా జిల్లా ఆఫీసు గోడమీద ఉంది.

ఆ గోడకు పెద్ద టీవీ ఒకటి బిగించారు. జిల్లాలోని బడులన్నిటి లైబ్రరీలూ అందులో కనిపిస్తాయి. బీరువాలో ఉన్న పుస్తకానికి పచ్చచుక్క, పిల్లల చేతిలో ఉన్న పుస్తకానికి ఎర్రచుక్క. ఈ రంగులు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు పెట్టలేదు. టీవీ బిగించిన కుర్రాడు పెట్టి ఉంటాడని తర్వాత విన్నాను. ఏమైతేనేం, పచ్చ అంటే మంచిదనీ ఎరుపంటే ప్రమాదమనీ ట్రాఫిక్ లైటు దగ్గర నిలబడ్డ ప్రతి అధికారికీ తెలుసు.

మొదటి వీడియో సమావేశం హెడ్మాస్టరు వెంకటరత్నంగారి గదిలో జరిగింది.

"కొత్తమెరక ఎవరు?" అని తెరమీదనుంచి ఆనందమోహనరావుగారు గర్జించారు.

రత్నంగారు భయంతో లేచి నిలబడ్డారు. నిలబడేసరికి ఆయన తల కెమెరాలోంచి పోయి, బెల్టు మాత్రం మిగిలింది.

"జిల్లా మొత్తము మీద మీ పాఠశాలయే ఎర్రగా ఉన్నది. దాదాపు సగము పుస్తకములు గ్రంథాలయములో లేవు. ఏమైనవి?"

"చదువుతున్నారండి," అంది బెల్టు.

"ఎవరు?"

"పిల్లలండి."

"పిల్లలు చదువుట వేరు, పుస్తకముల లభ్యత వేరు. రెంటినీ కలపవద్దు. పొరుగు మండలములో ఒక పాఠశాల ఆది నుండియు పచ్చగా ఉన్నది. అక్కడ తాళపుచెవి పోయినదట. అయినను వారి నిబద్ధత చూడుడు!"

పక్కనే ఉన్న హైమవతిగారు ఉండబట్టలేక కెమెరా ముందుకొచ్చారు. "సార్, లైబ్రరీలో పుస్తకం బయటికెళ్తేనే కదండీ పనిచేసినట్టు. ఆ రంగులు అటుదిటు మార్చేస్తే సరిపోతుంది. ఓపెన్ సోర్సే కదా, నిమిషం పని. ఎవరైనా మార్చుకోవచ్చని మీరే చెప్పారు."

ఆనందమోహనరావుగారు ముందున్న ఉత్తర్వు తిరగేశారు.

"ఎవరైనను మార్చవచ్చునని ఉన్నది," అన్నారు. "మనము మార్చవచ్చునని ఎక్కడా లేదు."

సమావేశం ముగిసింది. వారంలోగా పుస్తకాలన్నీ వెనక్కి రప్పించి లైబ్రరీని సంపూర్ణంగా పచ్చగా చేయాలని ఉత్తర్వు వచ్చింది. ఇది ఏ సబ్జెక్టుకూ చెందని పని కాబట్టి సైకిలేసుకుని నేనే బయల్దేరాను.

ఇంటింటికీ తిరిగి పుస్తకాలు లాక్కోవడం అంత తేలిక కాదు. కోనేటివారి వీధిలో ఒక కుర్రాడు పుస్తకం ఇచ్చాడు గాని, ఆఖరి పేజీ ఒక్కటి చదువుకుని ఇచ్చేస్తానని నా సైకిల్ హ్యాండిల్ పట్టుకుని చెరువుగట్టు దాకా పరిగెత్తాడు. చేపలపేటలో కాసులమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆవిడ అరుగుమీద రొయ్యలు వొలుస్తోంది. మనవరాలు శాంతిప్రియ పక్కన కూర్చుని పైకి చదువుతోంది. ఆ పిల్ల మా దగ్గర ఎనిమిదో తరగతి. తల్లి రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్తుంది. నాయనమ్మకు చదువు రాదు గనుక పిల్ల చదివితే వినడం ఆ ఇంట్లో రోజూ జరిగే పని. అప్పుడు వాళ్ల కథలో ఎవరో పడవవాడు తుపానులో చిక్కుకుని ఉన్నాడు.

"పుస్తకం ఇచ్చెయ్యాలమ్మా. పైనుంచి ఆర్డరు," అన్నాను.

"ఇచ్చేత్తాం మేస్టారూ, కూకోండి. ఆడు గట్టెక్కుతాడో లేదో తేలాలి కదా," అంది కాసులమ్మ.

"ఇప్పుడే కావాలండి."

"తుపాన్లో వొదిలేసి పోతారేంటండీ మడిసిని?"

పుస్తకం తీసుకుని సంచిలో వేసుకున్నాను. శాంతిప్రియ ఏడవలేదు. పేజీ నంబరు అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.

వారానికి మా లైబ్రరీ వరిచేలా పచ్చగా మారింది. "నూరు శాతం లభ్యత" అని ప్రశంసాపత్రం వచ్చింది. రత్నంగారు దాన్ని ఫ్రేము కట్టించారు. లైబ్రరీ తలుపుకు తాళం పడింది. పిల్లలు కిటికీ చువ్వల దగ్గర నిలబడి బీరువాల అద్దాల్లోంచి పుస్తకాల పేర్లు చదువుకునేవారు. శాంతిప్రియ తన పడవవాణ్ని అక్కణ్నుంచే చూసి వెళ్లేది.

పోనీ గదిలోనే కూర్చుని చదవనిద్దామని హైమవతిగారు తలుపు తీసి, ఎవరు ఏది చదువుతున్నారో కంప్యూటరులో ఎక్కించారు. రెండోరోజుకే వివరణ కోరుతూ మెమో వచ్చింది. ఒక విద్యార్థి చదువుతూ ఉండగా ఆ పుస్తకం తక్కిన విద్యార్థులకు లభ్యం కానట్లే గనుక, చదవడం అనే చర్య లభ్యతకు భంగకరమని అందులో ఉంది. ఇకమీదట ఒక్క ఎర్రచుక్క కనిపించినా శాఖాపరమైన చర్య తప్పదని కూడా ఉంది.

హైమవతిగారు ఆ మెమో రెండుసార్లు చదివి మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆవిడకు కోపమొస్తే మాట తగ్గుతుంది. ఆ రోజంతా ఆవిడ పిల్లలకు పటంలో ఊళ్లు గుర్తించే పని ఇచ్చారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం బెల్లు వేళ, క్యారేజీ విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో బొత్తామూ నొక్కి చూడసాగారు.

"పాడైపోతే?" అన్నాను.

"ఇది చేసినవాళ్లు మనలాంటి బడులు చూసినవాళ్లే మాస్టారూ. ఎక్కడో ఒక దారి పెట్టే ఉంటారు," అన్నారు.

దారి దొరికింది. 'శాఖను చేర్చు' అని ఒక బొత్తాం. పెద్ద లైబ్రరీలకు ఊళ్లో నాలుగైదు శాఖలుంటాయి కదా, వాటికోసం పెట్టింది. ఒక పుస్తకాన్ని మనిషికి ఇస్తే ఎర్రచుక్క. అదే పుస్తకాన్ని ఒక శాఖ నుంచి మరో శాఖకు పంపితే, అది ఆ శాఖలో 'లభ్యం'. అంటే పచ్చచుక్కే.

ఆవిడ లేచి హెడ్మాస్టరు గదికి వెళ్లారు. నేనూ వెళ్లాను.

"సార్, లైబ్రరీకి ఊళ్లో ఒక శాఖ పెడదామనుకుంటున్నాను."

"ఎక్కడ?"

"చేపలపేటలో. కాసులమ్మగారి ఇంట్లో."

రత్నంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అలా పెట్టకూడదని రూల్సులో ఉందా?"

"లేదండి."

"పెట్టొచ్చని ఉందా?"

"అదీ లేదండి."

"అయితే మీరు నన్ను అడగలేదు, నేను వినలేదు. భోజనం వేళ దాటిపోతోంది, నాకు కళ్లు తిరుగుతున్నాయి. మీరు వెళ్లండి."

ఆ సాయంత్రమే 'కొత్తమెరక గ్రంథాలయము, కాసులమ్మగారి శాఖ' ఏర్పడింది. మొదటి విడతగా పడవవాడి పుస్తకంతో పాటు ఇంకో అరడజను పుస్తకాలు అక్కడికి బదిలీ అయ్యాయి. జిల్లా గోడమీద ఒక్క చుక్క కూడా రంగు మారలేదు.

ఇక ఆగుతుందా? పిల్లలకు ఈ సంగతి తెలిసింది. సంక్షేమ హాస్టలు శాఖ, కల్లుపాక వెనకింటి శాఖ, టైలరు యేసుబాబు శాఖ, రేవు దగ్గర పడవ శాఖ. క్రిస్మస్ నాటికి కొత్తమెరకలో గ్రంథాలయ శాఖ లేని వీధి లేదు. పిల్లలు శాఖల్లో చదువుకుని, హైమవతిగారి దగ్గరికొచ్చి నచ్చని సంగతులు చెప్పి, ఒక శాఖ పుస్తకాలు ఇంకో శాఖకు మార్చుకునేవారు. బీరువాలు ఖాళీ అయ్యాయి. మేం జిల్లాలో అందరికన్నా పచ్చగా ఉన్నాం.

పచ్చగా ఉన్నవాణ్ని చూస్తే అధికారికి వెళ్లి చూడాలనిపిస్తుంది. ఆనందమోహనరావుగారు గుమాస్తాతో, ఫోటోగ్రాఫరుతో సహా మళ్లీ వచ్చారు. ఇప్పుడు మా పని అయిపోయిందనుకున్నాను. హైమవతిగారు పర్సులోంచి పాత మెమో తీసి చేత్తో పట్టుకున్నారు. ఎలాగూ రెండోది వస్తుంది, జంటగా దాచుకోవచ్చని కాబోలు.

కాని ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఒక్క పాఠశాలకు ఇన్ని శాఖలా! రాష్ట్ర రాజధానిలో కూడా లేవు. దీనిని మేము 'గడపగడపకూ గ్రంథాలయ లభ్యత' అని పిలవదలచితిమి. నిన్ననే పైవారికి నివేదించితిని. ఆలోచన నాదేనని వినమ్రముగా తెలియజేసితిని. పదండి, ఒక శాఖను తనిఖీ చేసెదము."

చేపలపేట సందులో కారు పట్టలేదు. ఆయన ఎండుచేపల మధ్యనుంచి ముక్కు మూసుకుని నడిచారు. కాసులమ్మ అరుగు తుడిచి కుర్చీ వేసింది. శాంతిప్రియ పుస్తకాలు చాప మీద వరసగా పేర్చింది.

"శాఖాధికారి ఎవరు?" అని అడిగారాయన.

కాసులమ్మ నావైపు చూసింది. నేను కళ్లతో సైగ చేశాను.

"ఆయ్, నేనేనండి."

"పనివేళలు?"

"రొయ్యలొలిచే యేళండి. వొలిచేది లేకపోతే ఎప్పుడైనానండి."

"పాఠకులు మౌనము పాటించుచున్నారా?"

"మౌనంగా సదివితే నాకేం తెలుత్తాదండీ? పైకి సదవాలి. పక్కింటోళ్లు కూడా గోడవతల కూకుని ఇంటారు."

ఆయన గుమాస్తా వైపు తిరిగి చెప్పారు: "శబ్దసహిత పఠన విభాగము కలదు. గోడ ద్వారా విస్తరణ సేవలు కలవు. రాసుకొనుము."

"ఈ శాఖవలన మీరు పొందిన లబ్ధి?"

కాసులమ్మ చాప మీది పడవవాడి పుస్తకం వైపు చూసింది. "ఆడు గట్టెక్కాడండి," అంది.

ఎవరని ఆయన అడగలేదు. లబ్ధిదారు ఒకరు గట్టెక్కినట్లు నివేదికలో రాయించారు.

ఆ తర్వాత శాఖలకు నేరుగా ఉత్తర్వులు రావడం మొదలైంది. ప్రతి శాఖకూ నామఫలకం ఉండాలన్నారు. వచ్చిన ఫలకం కాసులమ్మ ఇంటి గుమ్మం కన్నా వెడల్పు. అరుగు ముందు పరిస్తే మెత్తళ్ల చేపలు ఆరబోసుకోవడానికి పనికొచ్చింది. ఫిర్యాదుల పెట్టె ఉండాలన్నారు. దాని మూత సరిగా పడదు. కోడిపెట్ట అందులో పొదుగుకు కూర్చుంది. నెలాఖరు నివేదికలో ఏం రాయాలని శాంతిప్రియ అడిగితే, ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు హైమవతిగారు. 'ఫిర్యాదులు లేవు. గుడ్లు ఉన్నవి' అని రాసి పంపింది. జిల్లా ఆఫీసు నుంచి జవాబు కూడా వచ్చింది: గుడ్లను పదిహేను రోజుల్లోగా పరిష్కరించవలెనట.

ఈలోగా పథకం జిల్లా అంతటా పాకింది. తాళపుచెవి పోయిన బడిలో కూడా తాళం పగలగొట్టి శాఖలు తెరిచారు. పచ్చదనంలో వెనకబడతామని ఒకరిని చూసి ఒకరు ఇళ్లకు పుస్తకాలు పంపారు. జిల్లాలో పిల్లలు అంతలా చదువుతున్నారన్న సంగతి జిల్లా ఆఫీసుకు ఇంతవరకూ తెలియదు. తెలిసుంటే ఆపేవారు.

మే నెలలో బదిలీలు వచ్చాయి. ఏటా మాకొచ్చేవే. ఈసారి శాఖాధికారులకు కూడా వచ్చాయి.

ఒకే చోట సుదీర్ఘకాలం పాతుకుపోయినవారి జాబితా తీశారట. శాఖాధికారి ప్రస్తుత స్థానంలో ఎప్పటినుంచి ఉన్నారని అంతకుముందు ఒక ప్రశ్నాపత్రం వచ్చింది. 'కాపరానికొచ్చిన కాడ్నించి' అని కాసులమ్మ చెప్పింది, శాంతిప్రియ రాసింది. దాంతో జిల్లాలో అందరికన్నా సీనియరు కాసులమ్మే అయింది. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా కాసులమ్మగారిని ఏటి అవతల మల్లెలంకలోని మస్తాన్‌బీగారి ఇంటి శాఖకు బదిలీ చేయడమైనదనీ, వెంటనే విధుల్లో చేరవలెననీ కాగితం వచ్చింది.

హైమవతిగారు జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు గనుక నేనూ విన్నాను.

"సార్, కాసులమ్మగారి బదిలీ రద్దు చేయాలండి. ఆవిడ ఉద్యోగి కాదు."

"ఉద్యోగి కాకపోయినచో బదిలీ ఎట్లు అయినది?" అన్నారు ఆనందమోహనరావుగారు. "బదిలీ అయినది గనుక ఉద్యోగియే. రద్దు కోరినచో నియామకపు ఉత్తర్వు జతపరచి దరఖాస్తు చేయించుడు."

"అసలు నియామకమే లేదండి."

"అట్లయిన రద్దుకు అవకాశము లేదు. చేరనిచో ఆ శాఖ మూతపడును. మూతపడిన శాఖలోని పుస్తకములు ఎరుపు. ఎరుపు వచ్చినచో జిల్లాలోని శాఖలన్నిటి పుస్తకములను వెనుకకు తెప్పించి సమగ్ర విచారణ జరిపింపవలసి ఉండును. నాకు ఇష్టము లేదు. కాని టీవీ ఊరుకొనదు."

హైమవతిగారు ఫోన్ పెట్టేశారు. వేసవి సెలవులు. ఊళ్లో పిల్లలందరి చేతుల్లోనూ పుస్తకాలున్నాయి. "నేను పైకి ఉత్తరం రాసేస్తాను మాస్టారూ," అన్నారు. "ఇవి శాఖలు కావు, ఇళ్లు అని. నేనే చేశానని. నా ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుంటాను. ముసలావిణ్ని ఊరు దాటించి పంపడమేమిటి!"

సంగతి చెప్పి క్షమాపణ అడుగుదామని ఇద్దరం చేపలపేట వెళ్లాం. కాసులమ్మ అంతా వింది. ఆ కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇందులో నా పేరెక్కడుంది?" అని మనవరాల్ని అడిగింది. శాంతిప్రియ వేలుపెట్టి చూపించింది. కాసులమ్మ ఆ అక్షరాలమీద తన వేలు కూడా ఆనించింది.

"ఎల్తానండి," అంది.

"వద్దు కాసులమ్మగారూ, మీకేం అవసరం?" అన్నారు హైమవతిగారు.

"అవసరం కాదండి. ఇన్నాళ్లూ నన్ను ఎల్లమన్నా మా ఆయనే, రమ్మన్నా మా అన్నే. ఏరు దాటితే ఏవుందో నేనెప్పుడూ సూళ్లేదు. కాయితం మీద నా పేరేసి, ఫలానా సోటికి రావమ్మా అని గవర్నమెంటోళ్లు పిలిత్తే ఎల్లకపోతే ఏం మర్యాదండీ? నాలుగు రోజులు పిల్లని ఆళ్లమ్మ సూసుకుంటాది."

హైమవతిగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఉత్తరం రాయడం మానేశారు.

చేరిక నివేదిక సమర్పించడం ఏ సబ్జెక్టుకూ చెందని పని. కాబట్టి మర్నాడు పొద్దున్నే కాసులమ్మతో పాటు ఏరు దాటించే పంటు ఎక్కాను. ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో మా శాఖ పుస్తకాలు కొన్ని, చెంగున ఆ కాగితం. పంటు కదిలాక ఏటి మధ్యలో లేచి నిలబడి అటూ ఇటూ చూసింది. "ఎంతుందండీ నీళ్లు!" అంది. కాపరానికొచ్చినప్పటినుంచీ ఏటి ఒడ్డునే ఉన్న మనిషి.

మల్లెలంకలో ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. గుమ్మం కన్నా వెడల్పయిన బోర్డు దూరానికే కనిపించింది. తలుపు తట్టాం. యాభై ఏళ్లుంటాయేమో, మెడలో టేపు వేసుకున్న ఒకామె తీసింది. కుట్టు మిషను పని చేసే మస్తాన్‌బీ ఆవిడే. గుమ్మంలో సర్దిపెట్టిన సంచి ఒకటి ఉంది.

"నేను కాసులమ్మనండి. ఈ శాఖకి ఏశారు," అంది కాసులమ్మ, కాగితం చూపించి.

మస్తాన్‌బీ ఆ కాగితం చూసి, రవికెలోంచి ఇంకో కాగితం తీసింది. "నువ్వేనా అక్కా కాసులమ్మవి? నన్ను మీ ఇంటికేశారు. ఇప్పుడే బయల్దేరబోతున్నా."

పరస్పర బదిలీ అన్నమాట. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఎంతసేపటికీ ఆపరు. నేను ఎవరి చేరిక నివేదిక రాయాలో తెలియక పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాను.

"రా అక్కా, ముందు లోపలికొచ్చి టీ తాగు," అంది మస్తాన్‌బీ.

లోపల మిషను పక్కన చెక్క అల్మరా. దాని నిండా మల్లెలంక బడి పుస్తకాలు. నలుగురైదుగురు పిల్లలు నేలమీద బోర్లా పడుకుని చదువుతున్నారు. కాసులమ్మ టీ గ్లాసు పట్టుకుని అల్మరా ముందు నిలబడి బొమ్మలున్న అట్టలన్నీ చూసింది.

"ఇయ్యి మా పిల్ల సదవలేదు," అంది.

"మీ సంచిలోవి మావాళ్లు చూడలేదు," అంది మస్తాన్‌బీ, అప్పటికే ఒకటి తీసి పేజీలు తిప్పుతూ.

నేను ఇద్దరూ తమతమ స్థానాల్లో విధుల్లో చేరినట్లు నివేదిక రాసి, మధ్యాహ్నం పంటుకు వచ్చేశాను. హైమవతిగారు దాన్ని కంప్యూటరులో ఎక్కించారు. గోడమీద చుక్కలు పచ్చగానే ఉన్నాయట.

తర్వాతి శుక్రవారం సాయంత్రం పిల్లల కోసం వాలీబాల్ నెట్టు కొనుక్కుని రేవు మీదుగా వస్తున్నాను. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన పంటులోంచి కాసులమ్మ దిగింది. వెళ్లినప్పుడు రెండు సంచులు, ఇప్పుడు మూడు. ఒకటి నెత్తిమీద, రెండు చేతుల్లో. మూడింటిలోంచీ పుస్తకాల మూలలు పొడుచుకొస్తున్నాయి. నేను పరిగెత్తి వెళ్లి ఒక సంచి అందుకున్నాను.

"ఏంటి కాసులమ్మగారూ, చేరి వారమైనా కాలేదు. వచ్చేశారేంటి?"

"సెలవెట్టాను మేస్టారూ," అంది ఆవిడ, తల మీది బరువు సర్దుకుంటూ. "మస్తాన్‌బీ కూడా పెట్టేసింది. ఈ గవర్నమెంటు పనిలో అదొకటి బాగుందండి."

"ఎన్నాళ్లు పెట్టారు?"

"ఈ సంచీలయ్యేదాకానండి," అంటూ గబగబా చేపలపేట వైపు నడిచింది.